వెండి రూపాయి వెల కట్టడం ఎలా?

(ద్వితీయ బి.ఎస్సి. విద్యార్థి)

మన కృష్ణా డెల్టాలో పాతకాలపు రైతు యిల్లు ఏదైనా తీసుకోండి. భోషాణం అడుగునో, దేవుడి పీట మీదో, పాత చీర చెంగులో కట్టిన మూటలోనో నాలుగు వెండి రూపాయలు వుండే వుంటాయి. వరలక్ష్మీ వ్రతం నాడు కలశం దగ్గర పెడతారు. పెళ్ళి పళ్ళెంలో పెడతారు. మిగతా రోజుల్లో వాటి జోలికి ఎవరూ పోరు. పంట పోయిన యేడో, పిల్లల ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడో మాత్రం అవి గుర్తుకొస్తాయి. అప్పుడు వాటిని రుమాల్లో కట్టుకుని బజారుకు తీసుకెళ్తారు. కొట్లో తక్కెడ వాటి విలువ తేల్చేస్తుంది. సాయంత్రానికి అవి మూసలో కరిగిపోతాయి.

వెండిగా అమ్మడం తప్పని నేననను. అవసరం అవసరమే. కాని ఒకే బరువున్న రెండు రూపాయల్లో ఒకటి వెండి ధరే చేస్తే, మరొకటి దానికి ఎన్నో రెట్లు చేయవచ్చు. మూడోది వెండి ధర కూడా పూర్తిగా చేయకపోవచ్చు. ఈ తేడా తక్కెడకు కనపడదు. కంటికి కనపడుతుంది, అదీ ఏం చూడాలో తెలిస్తేనే. నాణేలు సేకరించేవాళ్ళు దీన్ని ‘గ్రేడింగు’ అంటారు. అంటే నాణెం ఎంత అరిగింది, ఎంత చెడింది, ఎంత నిలిచింది అని నిర్ణయించడం. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక భూతద్దం, మంచి వెలుతురు, కాస్త ఓపిక వుంటే చాలు.

రూపాయి మన యింటికి వచ్చిన దారి

టంకసాల మన బందరుకు కొత్త కాదు. గోల్కొండ నవాబుల నాటి నుంచీ మచిలీపట్నం పెద్ద రేవు. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు వరసగా యిక్కడికి వచ్చి వర్తకశాలలు పెట్టారు. 1750లో బందరు ఫ్రెంచివారి చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డు కోటను పట్టుకునేదాకా వారిదే. ఆ కాలంలో వారు మొగలు పాదుషా పేరుతో యిక్కడే రూపాయలు వేయించారు. తర్వాత కంపెనీవారూ యిక్కడ ‘డబ్బు’ అనే రాగి నాణేలు కొట్టించారు. ఈనాడు మనం ధనమంతటికీ వాడే ‘డబ్బు’ అనే మాట ఒకప్పుడు ఆ రాగి బిళ్ళ పేరే.

అయితే మన యిళ్ళలో వున్నవి సాధారణంగా అంత పాతవి కావు. 1835లో కంపెనీ దేశమంతటికీ ఒకే రూపాయి అని చట్టం చేసింది. బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. సరిగ్గా ఒక తులం. అందుకే మన పెద్దలు ‘రూపాయి ఎత్తు’ అనీ, ‘తులం ఎత్తు’ అనీ ఒకే అర్థంలో అనేవారు. కంసాలి తక్కెడలో రూపాయినే తూకపురాయిగా వేసేవారు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు రాగి. అంటే నూటికి 91.7 వంతులు వెండి.

1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. కాలవలు వచ్చాయి, ధాన్యం పండింది, ధాన్యానికి బదులుగా రూపాయలు పల్లెలకు చేరాయి. పల్లెలో బ్యాంకు ఎక్కడిది? మిగిలిన రూపాయి ముంతలోకి, ముంత నేలలోకి వెళ్ళేది. మనకు దక్కింది ఆ ముంతల్లోని మిగులే.

ముందు ఏ రూపాయో గుర్తుపట్టండి

అరుగుదల చూడబోయే ముందు చేతిలో వున్నది ఏ నాణెమో తెలియాలి. పెద్దగా కష్టపడనక్కర్లేదు. బొమ్మ చూడండి.

1835 నాటి రూపాయి మీద నాలుగో విలియం తల వుంటుంది, వెనుక ‘ఈస్టిండియా కంపెనీ’ అని ఇంగ్లీషులో వుంటుంది. 1840 నాటి దాని మీద పడుచు విక్టోరియా, కిరీటం లేకుండా. 1862 నుంచి కిరీటం పెట్టుకున్న విక్టోరియా. 1876 వరకు ఆమె పేరు పక్కన ‘క్వీన్’ అని, 1877 నుంచి ‘ఎంప్రెస్’ అని వుంటుంది. 1903 నుంచి 1910 దాకా ఏడో ఎడ్వర్డు, బోడి తలతో, కుడివైపు చూస్తూ. 1911 నుంచి అయిదో జార్జి, కిరీటంతో, గడ్డంతో. 1938 నుంచి ఆరో జార్జి, గడ్డం లేకుండా.

నాణెం మీది సంవత్సరం ఎప్పుడూ అది పుట్టిన సంవత్సరం అనుకోకండి. 1840 అని వున్నవాటినీ, 1862 అని వున్నవాటినీ సంవత్సరం మార్చకుండానే యేళ్ళ తరబడి కొట్టారు. అయిదో జార్జి రూపాయి వెనుకవైపు అడుగున ఒక పువ్వు వుంటుంది. దానికింద సన్నని చుక్క వుంటే బొంబాయి టంకసాలది, చుక్క లేకపోతే కలకత్తాది. రెండూ ఒకే సంవత్సరంవైనా ఒకటి సులభంగా దొరికేదీ, మరొకటి అరుదైనదీ కావచ్చు.

రూపాయి మీద వుండేవి ఇంగ్లీషు, పారసీ అక్షరాలే. వెండి రూపాయి మీద తెలుగు కావాలంటే దొరకదు. తెలుగక్షరాలు చూడాలంటే 1907 నుంచి వచ్చిన నికెలు కలిసిన అణా బిళ్ళ చూడండి. దాని మీద మన లిపిలోనూ విలువ రాశారు.

అన్నిటికన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన గీత 1940. రెండో ప్రపంచయుద్ధంలో వెండి కరువై, ఆ సంవత్సరం నుంచి 1945 దాకా రూపాయిలో వెండి సగానికి తగ్గించారు. నూటికి 50 వెండి, 40 రాగి, 5 నికెలు, 5 జింకు. బరువు మాత్రం ఆ 11.66 గ్రాములే! కాబట్టి తూచి చూస్తే తేడా తెలియదు. అంచు చూడండి. పాతదానికి నిలువు గీతలు మాత్రమే వుంటాయి. కొత్తదానికి గీతల మధ్య చుట్టూ ఒక గాడి నడుస్తుంది. బాగా అరిగిన చోట కొత్తది కాస్త పసుపుగానూ కనిపిస్తుంది. ఇక 1947 నాటి రూపాయిలో వెండి అసలే లేదు, వట్టి నికెలు. అయస్కాంతం పెడితే అంటుకుంటుంది.

ఈ గీత తెలియకపోతే ఏమవుతుందో మా యింట్లో జరిగినదే చెప్తాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు కోతకొచ్చిన సార్వా పంట నీళ్ళలో పడింది. కౌలు కట్టడానికి మా పెదనాన్న తన వాటా కింద వచ్చిన 18 రూపాయలు అమ్మేశారు. కొట్లో అన్నీ ఒకే గుప్పిట్లో పోసి తూచి, ‘ఇవన్నీ సగం వెండివేనండి’ అని లెక్క కట్టి యిచ్చారు. మా తాతగారి చిట్టాపుస్తకంలో ఒక్కొక్క రూపాయి సంవత్సరం రాసి వుంది. తర్వాత చూస్తే 18లో 11 రూపాయలు 1940కి ముందువి. ఆ పదకొండింటిలోనే దాదాపు 50 గ్రాముల వెండి లెక్కలోకి రాకుండా పోయింది. అది తెలిసి చేశారో, తెలియక చేశారో నేను చెప్పలేను. కాని అంచు మీది గాడి సంగతి మా పెదనాన్నకు ఎవరైనా చెప్పివుంటే ఆయన అడిగి వుండేవారు. అడగడానికి ఒక్క మాట తెలిస్తే చాలు.

అరుగుదల ఎక్కడ మొదలవుతుంది?

నాగలి కర్రు ఎక్కడ అరుగుతుంది? నేలకు తగిలే మొన దగ్గర. నాణెం కూడా అంతే. ఎత్తుగా వున్న చోటే ముందు అరుగుతుంది. చేతి వేళ్ళూ, గుడ్డా, పక్క నాణెమూ ముందుగా తగిలేది అక్కడే. కాబట్టి ప్రతి బొమ్మలోనూ అన్నిటికన్నా ఎత్తైన చోట్లు ఏవో తెలుసుకుంటే గ్రేడింగులో సగం వచ్చినట్టే.

కిరీటం విక్టోరియా రూపాయిలో చెవి పైన జుట్టు పాయలు, కనుబొమ, భుజం దగ్గర వస్త్రం మీది పూలపని ముందు అరుగుతాయి. ఎడ్వర్డు రూపాయిలో చెవి, దాని పైన వున్న జుట్టు, గడ్డం. అయిదో జార్జిలో కిరీటం మధ్య పట్టీ, కనుబొమ, మీసం, చెవి అంచు, రొమ్ము మీది వస్త్రం. వెనుకవైపు తీగెల్లో పైకి వుబికిన పూరేకులు.

జార్జి రొమ్ము మీద చిన్న ఏనుగు వుంటుంది. దానికో కథ వుంది. 1911లో మొదటిసారి వచ్చిన రూపాయి మీద ఆ ఏనుగు తొండం పొట్టిగా వుండి, చూసినవాళ్ళకు పందిలా తోచింది. జనంలో అలజడి రేగి, ఆ రూపాయలను వెనక్కి తీసుకుని, 1912 నుంచి తొండం స్పష్టంగా కనిపించేట్టు బొమ్మ మార్చారు. సేకరించేవాళ్ళు దాన్ని ఇప్పటికీ ‘పంది రూపాయి’ అనే అంటారు. మనకు కావలసింది మరోటి: ఆ ఏనుగు చాలా చిన్నది, త్వరగా అరిగిపోతుంది. భూతద్దంలో ఏనుగు కాళ్ళూ తొండమూ విడివిడిగా కనిపిస్తే ఆ రూపాయి పెద్దగా చేతులు మారలేదని అర్థం.

చూసే పద్ధతి కూడా చెప్పాలి. నాణేన్ని అంచుల దగ్గర రెండు వేళ్ళతో పట్టుకోవాలి. ముఖం మీద బొటనవేలు పెట్టకూడదు. వేలి చెమటలోని ఉప్పు ముద్రగా నిలిచిపోతుంది. కింద మెత్తని గుడ్డ పరచండి, జారి పడినా దెబ్బ తగలదు. ట్యూబులైటు కింద సరిగా తెలియదు. ఒకే దిక్కునుంచి వచ్చే వెలుతురు కావాలి. కిటికీ దగ్గరో, టేబులు లైటు కిందో నాణేన్ని మెల్లగా వంచుతూ తిప్పండి.

కొత్త నాణేన్ని అలా తిప్పితే వెలుగు బండిచక్రపు ఆకుల్లాగా దాని ముఖం మీద తిరుగుతుంది. దీనికి కారణం వుంది. అచ్చుల మధ్య బిళ్ళను గట్టిగా కొట్టినప్పుడు లోహం నడిమి నుంచి అంచులకు పారుతుంది. ఆ పారిన దారుల్లో కంటికి కనపడనంత సన్నని గీతలు ఏర్పడతాయి. వాటి మీద పడ్డ వెలుగే ఆ చక్రం. దీన్ని ‘లస్టర్’ అంటారు. ఈ గీతలు ఒకసారి అరిగితే మళ్ళీ రావు. ఎంత మెరుగు పెట్టినా అద్దంలా మెరుస్తుందే తప్ప, చక్రం తిరగదు. అసలు మెరుపుకూ, పెట్టిన మెరుపుకూ తేడా పట్టుకోవలసింది యిక్కడే.

మెట్లు ఎన్ని?

నాణేలవాళ్ళు వాడే మెట్లు ఇంగ్లీషువే. కింద నుంచి పైకి పోదాం.

పూర్, ఫెయిర్: మనిషి ఆకారం వుందని మాత్రం తెలుస్తుంది. సంవత్సరం చదవడమే కష్టం.

గుడ్, వెరీ గుడ్: పేరు చూసి మోసపోకండి. ఈ లోకంలో ‘గుడ్’ అంటే బాగా అరిగిపోయింది అని! బొమ్మ గీత వుంటుంది, లోపల జుట్టూ నగలూ కలిసిపోయి చదునుగా వుంటాయి. అక్షరాలు చదవవచ్చు.

ఫైన్: అక్షరాలన్నీ స్పష్టం. జుట్టులో పెద్ద పాయలు తెలుస్తాయి, సన్నవి కలిసిపోతాయి. మన యిళ్ళలోని విక్టోరియా రూపాయలు ఎక్కువగా యీ మెట్టు దగ్గరే ఆగుతాయి.

వెరీ ఫైన్: ఎత్తైన చోట్లు మాత్రం చదునయ్యాయి. మిగతా పనితనం దాదాపు అంతా వుంది.

ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్: కనుబొమ, చెవి అంచు, జుట్టు శిఖరం మీద మాత్రం కాస్త రాపిడి. అక్షరాల సందుల్లో ఇంకా అసలు మెరుపు దాక్కుని వుంటుంది.

అన్‌సర్క్యులేటెడ్: అసలు వాడుకలోకి రానిది. అరుగుదల ఎక్కడా లేదు, చక్రం నిండుగా తిరుగుతుంది. సంచిలో ఒకదానికొకటి తగిలిన చిన్న నొక్కులు వుండవచ్చు. నొక్కు వుంది కదా అని అరిగిందనకూడదు.

‘ప్రూఫ్’ అనేది మెట్టు కాదు. ప్రత్యేకంగా మెరుగు పెట్టిన అచ్చులతో తీరిగ్గా కొట్టిన నాణెం అది.

అమెరికాలో విలియం షెల్డన్ అనే ఆయన 1949లో రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా మార్కులు పెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా అదే వాడుకలో వుంది. ఫైన్ 12, వెరీ ఫైన్ 20 నుంచి, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ 40 నుంచి, అన్‌సర్క్యులేటెడ్ 60 నుంచి మొదలు. మన పరీక్షల్లో లాగానే యిక్కడా పై మార్కుల దగ్గరే పోటీ. 20కీ 25కీ ధరలో తేడా కొద్దిగానే వుంటుంది. 63కీ 65కీ మాత్రం చాలా వుండవచ్చు.

బొమ్మవైపూ వెనుకవైపూ విడివిడిగా చూడాలి. ఒకవైపు వెరీ ఫైన్, మరోవైపు ఫైన్ అయితే, తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోవడం క్షేమం. మరో చిక్కు వుంది. కొన్ని నాణేలు పుట్టుకలోనే అచ్చు సరిగా పడక చదునుగా వుంటాయి. అది అరుగుదల కాదు. ఎలా తెలుస్తుంది? చదునుగా వున్న చోట కూడా అసలు మెరుపు సాగుతూ వుంటే అచ్చులోపం. అక్కడ మాత్రం బూడిదరంగుగా, మొద్దుగా వుంటే అరుగుదల.

అరుగుదలను తూచి కూడా తెలుసుకోవచ్చు. 1906 నాటి నాణేల చట్టం ప్రకారం నూటికి రెండు వంతులకు మించి బరువు తగ్గిన రూపాయి ఆ రోజుల్లో చెల్లేది కాదు. అంటే 11.43 గ్రాముల కంటే తక్కువ తూగితే అది బజారు బాగా తిరిగిన రూపాయే.

అరుగుదల వేరు, గాయం వేరు

ముసలివాడికి ముడతలు రావడం సహజం, చెయ్యి విరగడం వేరు. అరుగుదల ముడత వంటిది. దాన్ని ఎవరూ తప్పు పట్టరు, మెట్టు తగ్గించి వూరుకుంటారు. గాయమున్న నాణేనికి మాత్రం అసలు మెట్టే యివ్వరు. ‘జుట్టు వెరీ ఫైన్, కాని టంకం వుంది’ అని పక్కన రాస్తారు, ధర సగానికి పైగా పడిపోతుంది.

మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే గాయం టంకమే. రూపాయికి పైన చిన్న రింగు అతికించి, దారానికి గుచ్చి పిల్లల మెళ్ళో వేసేవారు. తర్వాత రింగు తీసేసినా, కిరీటం పైన అంచులో గీతలు మూసుకుపోయి వుంటాయి. అందుకే నాణేన్ని పట్టుకోగానే అంచు చుట్టూ ఒకసారి తిప్పి చూడాలి. రంధ్రం పెట్టి పూడ్చినవీ వుంటాయి. పూడ్చిన చోట రంగు తేడాగా వుంటుంది. షరాబు పరీక్ష కోసం ఉలితో పెట్టిన గాటు మరో గాయం. అన్నిటికన్నా పెద్ద గాయం మాత్రం మనం భక్తితో చేసేదే.

చింతపండు చేసే చేటు

పండక్కి ముందు రోజు దేవుడి సామానంతా చింతపండూ, ముగ్గూ, బూడిదా వేసి పీచుతో తోమడం మన యిళ్ళలో ఆచారం. ఇత్తడి చెంబుకు అది మంచిదే. వెండి రూపాయికి మాత్రం తీరని దెబ్బ. బూడిదలో వుండే ఇసుక రేణువులు వెండి కంటే గట్టివి. అవి వేసిన వెంట్రుకల్లాంటి గీతలు భూతద్దంలో గడ్డివాములా కనపడతాయి. చింతపండులోని ఆమ్లం పైపొరలోని రాగిని కరిగిస్తుంది. లస్టర్ వుండేది ఆ పైపొరలోనే. ఒక్క పండగతో ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ కాస్తా ‘తోమిన నాణెం’ అయిపోతుంది.

మరి నలుపు? నలుపు మురికి కాదు. గాలిలోని గంధకపు వాయువుతో వెండి కలిసి ఏర్పడే సిల్వర్ సల్ఫైడ్ పొర అది. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే మన మురుగు కాలవల దగ్గర ఆ వాయువుకు కొదవ లేదు. పొర పల్చగా వున్నప్పుడు లేత పసుపు, తర్వాత వూదా, నీలం, చివరికి నలుపు. నీటి మీద నూనె చుక్క రంగులు తేలినట్టే, పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది. సమంగా పట్టిన యీ రంగును సేకరించేవాళ్ళు ఇష్టపడతారు. అది ఎన్నో యేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదని చెప్పే సాక్ష్యం. పైగా ఆ పొర కింది వెండికి కొంత రక్షణ కూడా.

ఉప్పునీటి సంగతి వేరు. దివిసీమవాళ్ళకు దీన్ని గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పదివేలకు పైగా జనం పోయారు, వూళ్ళకు వూళ్ళు కొట్టుకుపోయాయి. మా నాయనమ్మ వాళ్ళ యిల్లు గోడలతో సహా పోయింది. వారాల తర్వాత పొలం గట్టు దగ్గర బురదలో మూత బిగిసిన ఇత్తడి చెంబు దొరికింది. మా యింటి రూపాయలన్నీ అందులోవే. చెంబులోకి ఉప్పునీరు చేరింది. ఉప్పులోని క్లోరిన్ వెండితో కలిస్తే సిల్వర్ క్లోరైడ్ అవుతుంది. అది బూడిదరంగులో మైనంలా పట్టుకుని, వెలుతురు తగిలితే వూదాగా నల్లబడుతుంది. పాతకాలపు ఫోటోలు పనిచేసింది యీ గుణం మీదే. నాణెంలోని రాగి ముందుగా తినేయబడి, ఆకుపచ్చ చిలుము కడుతుంది, ముఖం మీద చిన్న గుంటలు పడతాయి.

మా వాటాకు వచ్చిన 12 రూపాయల్లో ఏడింటి మీద ఆ గుంటలున్నాయి. మెట్టు యివ్వాలంటే ‘ఫైన్, కాని తుప్పు తిన్నది’ అని రాయాలి. బజార్లో వాటికి వెండి ధరే. మా నాయనమ్మ వాటిని ఏనాడూ తోమలేదు, తోమనివ్వలేదు. ‘ఆ మచ్చ పోతే నాకేం మిగుల్తుందిరా’ అంటుంది. శాస్త్రం ప్రకారం కూడా ఆమె చేసింది సరైన పనే.

మరీ మట్టి పట్టివుంటే మంచినీళ్ళలో, వీలైతే డిస్టిల్డ్ వాటర్‌లో, రెండు మూడు రోజులు నానబెట్టండి. నీళ్ళు మారుస్తూ వుండండి. కుంకుమా నూనే కలిసి జిడ్డు పట్టివుంటే కెమిస్ట్రీ లాబులో మాస్టారి పర్యవేక్షణలో అసిటోన్‌లో ముంచి తీయవచ్చు. ఏం చేసినా రుద్దకూడదు, మెత్తని గుడ్డ మీద పెట్టి తడి అద్దాలి. అంతకు మించి ఏమీ చేయకపోవడమే మంచిది.

అసలుదా, నకిలీదా?

బందరువాళ్ళం మనకు పైపూత సంగతి కొత్త కాదు. చిలకలపూడి నగలు దేశమంతా పోతాయి. అది చెప్పి అమ్మే నిజాయితీ వ్యాపారం. చెప్పకుండా అమ్మే పూత నాణేలతోనే చిక్కు. అరుదైన 1939 రూపాయి పేరుతో, కంపెనీ రూపాయల పేరుతో నకిలీలు వస్తూంటాయి. పరీక్షలు వరసగా చేయండి.

మొదటిది బరువు: 11.66కు దగ్గరగా వుండాలి, ఎక్కువ మాత్రం వుండకూడదు. రెండోది వ్యాసం: సుమారు 30.5 మిల్లీమీటర్లు. మూడోది అయస్కాంతం: వెండికి అంటుకోదు. నాలుగోది అంచు: పోతపోసిన నకిలీకి అంచులో అతుకు గీత, ముఖం మీద చిన్న బుడగల గుంటలు, మొద్దుబారిన అక్షరాలు వుంటాయి. అచ్చుకొట్టిన అసలుకు అక్షరాల అంచులు కోసినట్టు వుంటాయి.

అయిదోది మన లాబు పరీక్ష, ఆర్కిమిడీసు చెప్పినది. బీకరులో నీళ్ళు పోసి డిజిటల్ తక్కెడ మీద పెట్టి సున్నా చేయండి. రూపాయిని సన్నని దారంతో కట్టి, నీళ్ళలో పూర్తిగా మునిగేట్టు, అడుగుకూ పక్కలకూ తగలకుండా వేలాడదీయండి. తక్కెడ చూపే బరువు రూపాయి తోసిన నీటి బరువు. 91.7 వంతుల వెండి రూపాయికి అది సుమారు 1.13 గ్రాములు. 1940 తర్వాతి సగం వెండి రూపాయికి సుమారు 1.22. ఇత్తడి బిళ్ళకు యించుమించు 1.37. తేడా చిన్నది కనుక గ్రాములో నూరోవంతు చూపే తక్కెడ కావాలి. కొట్లో గీటురాయి మీద గీస్తే నాణెం మీద గాయం పడుతుంది. ఈ పరీక్షలో దారం ముడి తప్ప మరేమీ తగలదు. సీసం కలిపి సాంద్రత సరిపెట్టే మాయగాళ్ళుంటారు కనుక యీ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పకూడదు. అయిదూ కుదిరితేనే నమ్మకం.

మరి ధర?

మెట్టు ఒక్కటే ధర నిర్ణయించదు. ఎన్ని కొట్టారు, ఎన్ని మిగిలాయి అన్నదీ చూడాలి. 1918 జార్జి రూపాయి ఎంత బాగున్నా అపురూపం కాదు. మొదటి యుద్ధం చివర్లో రూపాయలకు వెండి చాలక, 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం కింద సుమారు 27 కోట్ల వెండి డాలర్లు కరిగించి, అందులో అత్యధిక భాగం మన దేశం కోసం బ్రిటనుకు అమ్మింది. ఆ కాలపు రూపాయలు కుప్పలుగా వున్నాయి. అలాంటి వాటికి ఫైన్ మెట్టయితే వెండి ధరకు కొంచెం పైన, అన్‌సర్క్యులేటెడ్ అయితే ఎన్నో రెట్లు. 1939 రూపాయికి మాత్రం అరిగినా గిరాకీ వుంటుంది.

ఇంకో హెచ్చరిక. ‘మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు కమిషను కట్టండి’ అని ఫోనులో వచ్చే ప్రకటనలు మోసాలు. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుంటూ యిలా డబ్బు లాగుతున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రజలను హెచ్చరించింది. కొనేవాడు మీకు డబ్బివ్వాలి గాని, మీ దగ్గర అడగడమేమిటి?

దుక్కిలోనో, పునాది తవ్వకంలోనో నాణేల ముంత దొరికితే అది మన సొంతం అనుకోకూడదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలి. తెలియజేసినవారికి చట్టంలో హక్కు వుంది, దాచినవారికి శిక్ష వుంది.

దాచుకోవడం, రాసుకోవడం

మనది సముద్రపు గాలి, తేమ ఎక్కువ. ఒక్కో రూపాయిని ఒక్కో కాగితపు కవరులో పెట్టండి. రబ్బరుబ్యాండు వేయకండి, అందులో గంధకం వుంటుంది. మెత్తటి ప్లాస్టిక్కు సంచులు కొంతకాలానికి జిడ్డు వదిలి ఆకుపచ్చ చిలుము తెస్తాయి. డబ్బాలో సిలికాజెల్ పొట్లం ఒకటి వేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, కవరు మీద నాలుగు మాటలు రాయండి: ఏ సంవత్సరం, ఏ టంకసాల, ఎంత బరువు, ఏ మెట్టు. వీలైతే అయిదో మాట: ఎవరి దగ్గర నుంచి వచ్చింది. ఆ కాగితం చేతిలో వుంటే కొట్లో ఎవరూ గుప్పిట్లో పోసి తూచలేరు. విడివిడిగా తూచమని అడగవచ్చు, 1940కి ముందువీ తర్వాతవీ వేరు చేయమనవచ్చు, లెక్క నచ్చకపోతే మూట కట్టుకుని తిరిగి రావచ్చు.

మిత్రులారా, ఈ సంక్రాంతి సెలవులకు యింటికి వెళ్ళినప్పుడు భోషాణం మూత తీయమని మీ నాయనమ్మనో, అమ్మమ్మనో అడగండి. చింతపండు మాత్రం పక్కన పెట్టమనండి. కిటికీ దగ్గర కూర్చుని ఒక్కో రూపాయీ తిప్పి చూసి, కాగితం మీద రాయండి. అమ్మాలా, వుంచుకోవాలా అన్నది యింటి అవసరం తేలుస్తుంది. ఏమి అమ్ముతున్నామో తెలిసి అమ్మడం మాత్రం మన చేతుల్లో వుంది.